ఓడినందుకా? చేసినందుకా?
– యుద్ధంలో బలహీనపడిన నియంతృత్వం తరువాతి కాలంపై ఒక నైతిక విచారణ

ప్రవేశిక

తిక్కన ద్వారా తెలుగు పాఠకులకు చేరిన భారత యుద్ధపర్వాలలో ఒక కథన విశేషం ఉంది. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు – ఏ సేనాపతి విషయంలోనైనా సంజయుడు ముందు పతన వార్తను వినిపిస్తాడు. పిదప ధృతరాష్ట్రుడు అదెలా జరిగిందని అడుగుతాడు. అంతటి వీరుడెలా పడ్డాడు, అంత సేన ఎలా చెదిరింది అన్నదే ఆ వృద్ధరాజు ఆవేదన. సంజయుడు రణవృత్తాంతం చెబుతూనే ఈ వినాశానికి మూలం నీ లోభమేనని, హితులు చెప్పిన నాడు నీవు వినలేదని మధ్యమధ్య గుర్తుచేస్తాడు. రాజు అడిగే ప్రశ్న 'ఎందుకు ఓడాం?' అన్నది. సంజయుడు ముందుంచే ప్రశ్న 'ఏం చేశాం?' అన్నది.

ఒక నియంత యుద్ధంలో దెబ్బతిని బలహీనపడినప్పుడు ఆ దేశంలో తరువాత ఏం జరుగుతుందన్న చర్చ సాధారణంగా వారసుడెవరన్న దానిచుట్టూ తిరుగుతుంది. వారసుడి పేరుకన్నా ముందు తేలవలసిన విషయం మరొకటి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పడిపోతున్న పాలకుడిపై ఆ సమాజం ఏ అభియోగం మోపుతున్నది? ఓడాడన్నదా, అన్యాయం చేశాడన్నదా? ఈ రెండు అభియోగాలు రెండు వేరు వేరు భవిష్యత్తులకు దారితీస్తాయి. ఇందుకు ప్రధాన ఆధారంగా అర్జెంటీనా 1982–85 అనుభవాన్నీ, పోలిక కోసం మరికొన్ని దేశాల చరిత్రనూ పరిశీలిద్దాం.

ఓటమి దానంతటదే తీర్పు కాదు

యుద్ధంలో ఓడిన నియంత తప్పక పడిపోతాడన్నది ఒక ఆశ మాత్రమే. 1991 ఫిబ్రవరి చివర కువైట్ యుద్ధంలో ఇరాక్ సైన్యం చిత్తుగా ఓడింది. మార్చిలో దక్షిణాన షియా ప్రాంతాలలో, ఉత్తరాన కుర్దు ప్రాంతాలలో తిరుగుబాట్లు చెలరేగాయి. సద్దాం హుస్సేన్ తనకు మిగిలిన సైనిక బలాన్ని తన ప్రజలమీదికి తిప్పి వాటిని అణచివేశాడు. బయట ఓడిన పాలన లోపల మరింత క్రూరంగా మారి, 2003 వరకూ కొనసాగింది.

పాలకుడు పడిపోయినా, ఓటమి భారం దానిని తెచ్చినవారి మీద పడుతుందన్న హామీ లేదు. 1918 సెప్టెంబరు చివర జర్మనీ సేనానులే యుద్ధం చేజారిందని గ్రహించి, విరమణ కోరవలసిందిగా ప్రభుత్వాన్ని తొందరపెట్టారు. అయితే నవంబరు 11న విరమణ పత్రంపై సంతకం చేసిన ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించింది మథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే పౌర నాయకుడు. ఏడాది తిరిగేసరికి సేనాధిపతి హిండెన్‌బర్గ్ పార్లమెంటరీ విచారణ సంఘం ముందు సైన్యం వెన్నుపోటుకు గురైందన్నాడు. 1921 ఆగస్టులో ఎర్జ్‌బెర్గర్ హత్యకు గురయ్యాడు. 1925లో హిండెన్‌బర్గ్ దేశాధ్యక్షుడయ్యాడు. 1933 జనవరిలో హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించింది ఆయనే.

ఇక్కడ కైజర్ వెళ్లిపోయాడు, గణతంత్రం వచ్చింది, ఎన్నికలు జరిగాయి. కాని ఎందరో పౌరుల మనస్సులో నిలిచిన ప్రశ్న 'మనల్ని ఎవరు ఓడించారు?' అన్నదే. ఈ యుద్ధం ఎవరి నిర్ణయం, ఎవరి ప్రయోజనం అన్న ప్రశ్న వెనుకబడింది. ఓటమి ఒక్కటే నేరమైనప్పుడు, ఈసారి గెలిపిస్తానన్నవాడే రక్షకుడిగా కనబడతాడు. ఇది తర్కంలోని లోపం కాదు, మొదట మోపిన అభియోగానికి సహజమైన పర్యవసానం.

రచ్చ గెలిచి ఇంట గెలవాలన్న ప్రయత్నం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అర్జెంటీనా సైనిక పాలకులు ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. 1976 మార్చి 24న అధికారాన్ని చేజిక్కించుకున్న సైనిక మండలి వేలాది మందిని అపహరించి, రహస్య నిర్బంధ కేంద్రాలలో హింసించి, మాయం చేసింది. 1982 నాటికి ద్రవ్యోల్బణం, విదేశీ రుణం, నిరుద్యోగం పాలనను కుంగదీశాయి. ఆ ఏడాది మార్చి 30న కార్మిక సంఘాలు రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో భారీ నిరసన జరిపాయి. పోలీసులు దానిని లాఠీలతో, అరెస్టులతో చెదరగొట్టారు. మూడు రోజులకే, ఏప్రిల్ 2న, బ్రిటన్ అధీనంలోని ఫాక్‌లాండ్ దీవులపై అర్జెంటీనా సేనలు దిగాయి. అర్జెంటీనా ప్రజలకు అవి మాల్వినాస్ దీవులు, తరతరాలుగా తమవని నమ్మిన భూమి.

వారం దాటేలోగా మే ప్లాజాగా పేరొందిన నగర కూడలి జనంతో నిండింది. సైనికాధ్యక్షుడు లియోపోల్డో గాల్తియేరి రాజభవనం పైనుంచి ఆ జనాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. మార్చిలో లాఠీ దెబ్బలు తిన్న నగరమే ఏప్రిల్‌లో జేజేలు పలికింది. జూన్ 14న దీవులలోని సేనలు లొంగిపోయాయి. 74 రోజుల ఆ యుద్ధంలో అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది సైనిక సిబ్బంది, ముగ్గురు దీవి నివాసులు మరణించారు. మే 2న మునిగిన జనరల్ బెల్‌గ్రానో నౌకలోనే 323 మంది ప్రాణాలు పోయాయి.

మరునాడు, జూన్ 15న, మళ్లీ అదే కూడలిలో జనం చేరారు. ఆ రోజు వారి ఆగ్రహంలో ప్రధానమైనది లొంగుబాటు పట్ల ఆగ్రహం. గెలుస్తున్నామని చివరిదాకా ప్రకటించిన పాలకులు తమను మోసగించారన్న కోపం. మాయమైన మనుషులను గురించిన ప్రశ్న ఇంకా ఆ కూడలిలో అందరి ప్రశ్న కాలేదు. గాల్తియేరి పదవి పోయింది. జులై 1న రెయ్నాల్డో బిన్యోనె అనే మరో సేనాని అధ్యక్షుడయ్యాడు. వ్యక్తి మారాడు, వ్యవస్థ అక్కడే ఉంది. ఆ రోజున చరిత్ర ఆగి ఉంటే, అర్జెంటీనా కథ కూడా ఒక సేనాని ఓడి మరో సేనాని వచ్చిన కథగానే మిగిలేది.

అభియోగం ఎలా మారింది?

1982 జూన్‌కూ 1983 అక్టోబరుకూ మధ్య ఆ సమాజంలో అభియోగం మారింది. ఓటమితో భయం సడలింది. పత్రికలు గొంతు విప్పాయి. శ్మశానాలలో పేర్లు లేని సమాధులు వెలుగుచూశాయి. ముప్పు గ్రహించిన సైనిక ప్రభుత్వం 1983 సెప్టెంబరులో తనకు తానే క్షమాభిక్ష పెట్టుకుంటూ ఒక చట్టం చేసింది. ఎన్నికలలో ఈ చట్టమే పరీక్షగా నిలిచింది. పెరోనిస్టు అభ్యర్థి ఇతాలో లూదెర్ ఆ చట్టం ఫలితాలను న్యాయరీత్యా వెనక్కి తిప్పలేమన్న వైఖరి తీసుకున్నాడు. రాడికల్ పార్టీ అభ్యర్థి రౌల్ అల్ఫోన్సిన్ దానిని రద్దుచేస్తానన్నాడు. యుద్ధకాలంలో ఆ సాహసాన్ని సమర్థించని కొద్దిమంది నాయకులలో ఆయనొకడు. అక్టోబరు 30న సుమారు 52 శాతం ఓట్లతో అల్ఫోన్సిన్ గెలిచాడు.

రచయిత ఎర్నెస్టో సబాటొ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1984లో ఇచ్చిన నివేదిక 8,960 మంది అదృశ్యాన్ని నమోదు చేసింది. మానవహక్కుల సంఘాలు ఈ సంఖ్యను 30,000గా చెబుతాయి. 1985లో సైనిక మండళ్ల సభ్యులు తొమ్మిది మంది పౌర న్యాయస్థానం ముందు నిలబడ్డారు. విదేలా, మసేరాలకు యావజ్జీవ శిక్ష పడింది. నలుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. వారిలో గాల్తియేరి ఒకడు. మరుసటి ఏడాది అదే గాల్తియేరికి సైనిక న్యాయమండలి వేరొక కేసులో 12 ఏళ్ల శిక్ష విధించింది. ఆ కేసు దీవుల యుద్ధాన్ని అసమర్థంగా నడిపినందుకు.

ఒకే మనిషి రెండు న్యాయస్థానాల ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చింది. సైన్యం తన సేనానిని ఎందుకు ఓడావని అడిగింది. పౌర సమాజం తన పాలకులను ఏం చేశారని అడిగింది. దేశ భవిష్యత్తును నిర్ణయించినది ఈ రెండవ ప్రశ్న. ఆ మార్గం సాఫీగా సాగలేదన్నదీ నిజమే. 1986, 1987 చట్టాలు విచారణలను అడ్డుకున్నాయి. 1989, 1990లలో అధ్యక్షుడు మెనెమ్ శిక్షితులకు క్షమాభిక్ష పెట్టాడు. 2005లో సుప్రీంకోర్టు ఆ అడ్డుచట్టాలను కొట్టివేశాక విచారణలు మళ్లీ ఊపందుకున్నాయి. విదేలా 2013లో జైలులోనే మరణించాడు. 1983 తరువాత ఆ దేశంలో సైనిక పాలన తిరిగి రాలేదు.

గ్రీసు అనుభవం దీనికి దగ్గరగా ఉంది. సైప్రస్‌లో 1974 జులైలో తాము రేపిన సంక్షోభం టర్కీ దండయాత్రకు దారితీయగా, గ్రీకు సైనిక పాలన రోజులలో కూలింది. 1975లో ఆ కర్నళ్లను విచారించింది 1967లో రాజ్యాంగాన్ని కూలదోసినందుకు. ఖైదీలను హింసించినవారిపై వేరుగా విచారణలు జరిగాయి. అక్కడా ప్రజాస్వామ్యం నిలిచింది.

పాకిస్తాన్ అనుభవం ఇందుకు భిన్నం. 1970 డిసెంబరు ఎన్నికలలో స్పష్టమైన మెజారిటీ సాధించిన అవామీ లీగ్‌కు అధికారం ఇవ్వక, 1971 మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్ ప్రజలపై యాహ్యాఖాన్ ప్రభుత్వం సైన్యాన్ని ప్రయోగించింది. డిసెంబరు 16న ఢాకాలో ఆ సైన్యం లొంగిపోయింది. నాలుగు రోజులకు యాహ్యాఖాన్ అధికారాన్ని జుల్ఫికర్ అలీ భుట్టోకు అప్పగించాడు. భుట్టో నియమించిన హమూదుర్ రెహ్మాన్ కమిషన్‌కు అప్పగించిన విచారణాంశం తూర్పు సేనాని ఏ పరిస్థితులలో లొంగిపోయాడన్నది. కమిషన్ ఆ హద్దు దాటి కొన్ని చేదు నిజాలను చూసింది, కొందరు సేనానులపై విచారణ జరపాలని సూచించింది. నివేదిక 2000 డిసెంబరు వరకూ అధికారికంగా వెలుగు చూడలేదు. సూచించిన విచారణలు జరగలేదు. 1973లో బలూచిస్తాన్‌లో సైన్యం మళ్లీ సొంత పౌరులపై దిగింది. 1977 జులై 5న అదే సైన్యం భుట్టోను కూలదోసింది. 1979లో ఆయన ఉరికంబమెక్కాడు. అడగని ప్రశ్న అడగనివాడి గుమ్మంలోకే వచ్చిందనడానికి ఇంతకన్నా తార్కాణం అక్కరలేదు.

ఓటమిని కోరుకోవచ్చునా?

ఇక్కడొక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. ఓటమివల్లనే స్వేచ్ఛకు దారి తెరుచుకున్నప్పుడు, నియంత పాలనలోని పౌరుడు తన దేశం ఓడాలని కోరుకోవడం ధర్మమేనా? గెలిచి ఉంటే గాల్తియేరి పాలన మరికొన్నేళ్లు సాగేదన్న వాదంలో బలం ఉంది. అయినా ఆ దీవుల చలిలో చనిపోయినవారిలో పెక్కుమంది 18, 19 ఏళ్ల నిర్బంధ సైనికులు. వారికి యుద్ధంలో ఎంపిక లేదు. ఆకలికి తాళలేక ఆహారం దొంగిలించినందుకు తమ అధికారులే తమను గడ్డకట్టే నేలపై మేకులకు కట్టి పడుకోబెట్టారని తిరిగివచ్చినవారు సాక్ష్యమిచ్చారు. ఈ కుర్రవాళ్ల మరణాన్ని ప్రజాస్వామ్యానికి చెల్లించిన మూల్యంగా లెక్కకట్టడం, మనుషులను సాధనాలుగా వాడిన నియంత లెక్కనే మరో దిక్కునుంచి వేయడం అవుతుంది.

ఈ సందిగ్ధానికి ఒక జవాబు ఆ కూడలిలోనే ఉంది. 1977 ఏప్రిల్ 30న, పాలన అత్యంత బలంగా ఉన్న కాలంలో, కొద్దిమంది తల్లులు మే ప్లాజాలో కూడి, మాయమైన తమ బిడ్డలెక్కడని అడగడం మొదలుపెట్టారు. వారిలో కొందరు ఆ ఏడాది చివర తామే మాయమయ్యారు. మిగిలినవారు ప్రతి గురువారం తిరుగుతూనే ఉన్నారు. 1982లో దేశమంతా మాల్వినాస్ మావే అంటున్నప్పుడు, మాయమైనవారూ మనవారే అన్న మాటను దానికి జోడించారు. వారు దేశం ఓడాలని కోరలేదు, గెలుపు వస్తే తమ ప్రశ్నను వదులుకుంటామనీ అనలేదు. గెలుపోటములతో నిమిత్తం లేని ప్రశ్న వారిది. ఓటమి తలుపు తెరిచిన నాడు లోపలికి తీసుకువెళ్లడానికి ఒక ప్రశ్న సిద్ధంగా ఉన్నదంటే, అది ఐదేళ్లుగా వారు మోసుకు తిరిగినందువల్లనే.

ఉపసంహారం

నియంత బలహీనపడిన తరువాతి కాలాన్ని ముందుగా చెప్పగల సూత్రం లేదు. పై ఉదాహరణల నుంచి ఒక విచక్షణ మాత్రం సాధ్యమవుతుంది. ఓటమి భయాన్ని సడలిస్తుంది, న్యాయాన్ని నేర్పదు. పాలకుణ్ణి ఓడినందుకు తొలగించిన సమాజం గెలిచేవాడి కోసం వెదుకుతుంది. చేసినదానికి జవాబు అడిగిన సమాజం తన చట్టాలను, సైన్యాన్ని, చివరకు తనను కూడా ప్రశ్నించుకోవలసి వస్తుంది. ఏప్రిల్ 1982లో జేజేలు పలికిన జనానికి ఈ రెండవది మరింత కష్టం. ఓటమికి దోషి ఒక్క సేనాని కావచ్చు. అన్యాయంలో చూసీ చూడనట్లున్న ఇరుగుపొరుగువారి వంతు కూడా ఉంటుంది. అందుకే సమాజాలు తరచుగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

రెండవ ప్రశ్నను ఓటమి తరువాత కనిపెట్టడం గతజల సేతుబంధనం. నియంత అజేయుడిగా కనబడుతున్న నాడే, యుద్ధోత్సాహం చప్పట్లలో ఏ గొంతూ వినబడని నాడే, కొందరైనా దానిని అడుగుతూ ఉండాలి. తరువాత ఎవరు వస్తారన్నది ఆనాడు వారికీ తెలియదు. వచ్చినవారిని ఏమని అడగాలో మాత్రం తెలిసి ఉంటుంది.