సెలవు ఎవరికి?



డిసెంబరు నెల మన పల్లెలలో తీరిక లేని నెల. ఒకవైపు సార్వా కోతలు, కుప్పలు, నూర్పిళ్లు. మరియొకవైపు గోడలకు సున్నము, పిల్లలకు క్రొత్తబట్టలు, పిండివంటలు, ఇంటి ముందర నక్షత్రము. పట్టణములలో ఉద్యోగములు చేయు బిడ్డలు సెలవు పెట్టి వచ్చెదరు. ఇరువదియైదవ తేదీ వచ్చినయెడల కాస్త నడుము వాల్చుదుమని ఇంటిల్లిపాదియు ఎదురుచూచుచుందురు.

ఈ సమయమందు మనము ఒక ప్రశ్న వేసికొనుట మంచిది. ఇంటిలో ఒక్కరు నిలువుకాళ్ల మీద పనిచేయుచుండగా, ఆ ఇల్లు విశ్రమించినదని చెప్పవచ్చునా?

ఈ ప్రశ్న మాకు మా యింటి భోజనపు పంక్తిలోనే ఎదురైనది. కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు ఆరాధన ముగించుకొని వచ్చి, మేమందరము విస్తళ్ల ముందు కూర్చుంటిమి. మా యింటి యిల్లాలు మాత్రము ఆ దినమున గుడికి రాలేదు. తెల్లవారుజామున లేచినది మొదలు ఆమె పొయ్యి విడువలేదు. వడ్డించుచున్న ఆమెను చూచి మా చిన్నవాడు, "అమ్మా, మా బడికి సెలవు, అన్నయ్య ఆఫీసుకు సెలవు. మరి నీకు సెలవు ఎప్పుడమ్మా?" అని అడిగెను. ఆమె నవ్వి, "మీరందరు వెళ్లినాక, నాయనా" అనెను. మేమును నవ్వితిమి గాని, ముద్ద గొంతు దిగలేదు.

విశ్రాంతి దినమును గూర్చిన ఆజ్ఞలో దేవుడు ఇంటి యజమానునితో మాత్రమే మాటలాడి ఊరకుండలేదు. కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, ఎద్దును, గాడిదను, ఇంటనున్న పరదేశిని కూడ లెక్కలోనికి తెచ్చెను (ద్వితీ. 5:14). భార్య పేరు అందులో వేరుగా కనబడదు. 'నీవు' అను మాటలోనే ఆమెయు ఉన్నదని మనము గ్రహింపవలెను. ఆ ఆజ్ఞకు కారణము కూడ అక్కడనే యున్నది: ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులైయుండిరి. అక్కడ వారికి సెలవు లేదు. ఫరో ఇటుకల లెక్క తగ్గింపక, గడ్డిని కూడ వారినే వెదకి తెచ్చుకొమ్మనెను (నిర్గమ. 5). అట్టి దాసత్వమునుండి విడిపింపబడినవారు తమ యింట ఒకరిని సెలవు లేకుండ ఉంచుట తగునా?

"పని ఆగదు గదా" అని కొందరందురు. నిజమే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోసిన పనలను నీట ముంచిన సంగతి మన రైతులు మరువలేదు. మబ్బు పట్టినప్పుడు ధాన్యము కప్పుటకు పరుగెత్తువానిని మనము నిందింపరాదు. గోతిలో పడిన గొఱ్ఱెను విశ్రాంతి దినమున పైకి తీయరా అని ప్రభువే అడిగెను (మత్తయి 12:11). అది అవసరము చెప్పిన పని. అయితే ఏడు రకముల పిండివంటలు చేయుమని మనకు చెప్పినదెవరు? పొరుగువారు ఏమనుకొందురో అను భయమే. ఆ భయము పెట్టిన పనిని మనము మానవచ్చును.

మార్తను గూర్చి మనము చాల ప్రసంగములు విన్నాము. ఆమె విస్తారమైన పనిచేత తొందరపడెనని చెప్పుకొందుము. గాని తనను ఒంటరిగా పనిచేయుటకు విడిచిపెట్టిరన్న ఆమె మొఱలో కొంత న్యాయము లేదా? మనము మార్తను మందలించుదుము. ఆమె వండినది భుజించి లేచిపోవుదుము. ఆమె కూడ ప్రభువు పాదములయొద్ద కూర్చుండవలెనన్న, ఆ పనిలో మన చెయ్యి కూడ పడవలెను. అరణ్యములో ఆరవ దినమున రెండంతల మన్నా కూర్చుకొన్నందుననే ఏడవ దినమున ఇశ్రాయేలు ఇండ్లలో విశ్రాంతి కలిగెను (నిర్గమ. 16).

మరుసటి యేడు మా యింట అరిసెలు, జంతికలతో సరిపెట్టితిమి. మగపిల్లలు నీళ్లు తెచ్చిరి, కూరలు తరిగిరి, ముందురాత్రియే గిన్నెలు తోమిరి. కూలివారి లెక్క ఇరువదినాలుగవ తేదీ ప్రొద్దు గ్రుంకకముందే తీర్చితిమి (ద్వితీ. 24:15), చేతికి కూలి అందనివానికి పండుగ ఎక్కడిది? పట్టణమునుండి వచ్చిన పెద్దవాడు తన ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టెను. ఆ దినమున అన్నము కొంచెము మెత్తబడెను, కూర ఒకటి తగ్గెను. అయినను ఆరాధనలో స్త్రీలు కూర్చుండు వైపునుండి మా యిల్లాలి స్వరము మాకు వినబడెను. క్రిస్మసు దినమున ఆ స్వరమును గుడిలో విని ఎన్ని యేండ్లయినదో మేము చెప్పలేకపోతిమి.

గొఱ్ఱెల కాపరులు రాత్రివేళ కావలి కాయుచుండగానే శుభవార్త వారియొద్దకు వచ్చెను (లూకా 2:8). వారి పని ముగియువరకు దూత ఆగలేదు. వారు లేచి వెళ్లి, శిశువును చూచి, దేవుని మహిమపరచుచు తిరిగి వెళ్లిరి. పని ఎన్నటికిని పూర్తికాదు. పని మధ్యనే ఆగి, దేవుడిచ్చు విశ్రాంతిని అందరము కలిసి పుచ్చుకొనవలెను.

కాబట్టి ప్రియులారా, ఈ క్రిస్మసు రాకముందే మీ యింటిలో ఒక్కొక్కరిని, "నీకు సెలవు ఎప్పుడు?" అని అడుగుడి. పొయ్యి దగ్గరనున్నవారిని మొదట అడుగుడి. జవాబు విని ఊరకుండక, చెంబో, చీపురో చేతపట్టుడి. ప్రభువు మన గృహములన్నిటికిని తన విశ్రాంతిని దయచేయును గాక. ఆమేన్.