పసిబిడ్డ ఆయుష్షుకు లెక్క

పిల్లల శస్త్రచికిత్సల ఆర్థిక మూల్యాంకనం ఒక ఆపరేషన్‌కు అయ్యే ఖర్చును, దానివల్ల దక్కే ఆరోగ్యకరమైన జీవితకాలాన్ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఇలాంటి అధ్యయనంలో ఏమేం వెల్లడించాలో చెప్పే చీర్స్ జాబితా 2013లో వచ్చింది, 2022లో మారింది. ఖర్చు ఎవరి వైపు నుంచి లెక్కించారు, ఎన్నేళ్లు చూశారు అని అది అడుగుతుంది. ఆ లెక్క బిడ్డకు న్యాయం చేసిందా అన్నది మాత్రం జాబితాతో తేలదు. నాణ్యత గురించిన అసలు ప్రశ్న అదే.

ఉదాహరణకు, గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు అంగిలి కూడా చీలితే పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి, తర్వాత మాట ముక్కుతో వస్తుంది. ఏడాది వయసులో సరిచేస్తే ఆ మేలు జీవితాంతం నిలుస్తుంది. అయితే రాబోయే మేలును ఏటా 3 శాతం తగ్గించి లెక్కించే పద్ధతిలో బిడ్డకు దక్కే 70 ఏళ్లు సుమారు 29కి కుదించుకుపోతాయి. నడివయసు రోగికి దక్కే 30 ఏళ్లు 20 దగ్గర నిలుస్తాయి. రెండింతలు దాటిన తేడా ఒకటిన్నర రెట్లకు దిగిపోతుంది. దాచిన డబ్బుకు వడ్డీ వస్తుంది కనుక ఖర్చును అలా తగ్గించడం సబబే. కానీ స్పష్టంగా మాట్లాడగలగడం యాభయ్యో ఏట కూడా ఆ మనిషికి అంతే విలువైనది. దానికి అదే సూత్రం పెట్టడం అన్యాయం.

ప్రపంచ బ్యాంకు 1993 నివేదికతో ప్రచారంలోకి వచ్చిన డాలీ కొలమానం (జబ్బు, వైకల్యం, అకాల మరణం వల్ల కోల్పోయే ఆరోగ్యకర జీవితకాలపు లెక్క) ఇంకా ముందుకెళ్లి, పాతికేళ్ల వయసుకు అత్యధిక విలువనూ అప్పుడే పుట్టిన శిశువుకు దాదాపు సున్నానూ ఇచ్చింది. సుధీర్ ఆనంద్, కారా హాన్సన్ 1997లో దీన్ని గట్టిగా విమర్శించారు. ప్రపంచ వ్యాధిభారంపై 2010 అధ్యయనం వయసు తూకాన్నీ, ఏటేటా తగ్గింపునూ రెండింటినీ వదిలేసింది.

బిడ్డ బాధ ఎంతో ఎవరు చెప్పాలన్నది మరో చిక్కు. పసివాళ్ల తరఫున తల్లిదండ్రులే జవాబిస్తారు. పిల్లల ఆరోగ్యాన్ని కొలిచే ఈక్యూ-5డీ-వై ప్రశ్నావళిలోని ఆరోగ్య స్థితులకు విలువ కట్టేదీ పెద్దలే, పదేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకుని.

ఖర్చు వైపూ ఇలాంటి ఖాళీలే కనిపిస్తాయి. ఆసుపత్రి బిల్లు లెక్కకు వస్తుంది, బిడ్డతో ఉండిపోయిన తండ్రి పోగొట్టుకున్న కూలి రాకపోవచ్చు. మొర్రి చికిత్స మొదటి ఆపరేషన్‌తో అయిపోదు. మాట శిక్షణ కావాలి, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య పంటి చిగుళ్ల దగ్గర ఎముక అతకాల్సి రావచ్చు, ఎదుగుదల ఆగాక కొందరికి దవడ ఆపరేషన్ కూడా అవసరమవుతుంది. మొదటి ఏడాదితో ముగిసే అధ్యయనం వీటి ఖర్చునూ, వీటివల్ల కలిగే మేలునూ రెండింటినీ వదిలేస్తుంది.