పార్శ్వచిత్రంలో కనిపించనిది

పుదుచ్చేరి పట్టణ తీరంలోని వైతికుప్పంలో ఇసుక మీదికి లాగి ఉంచిన పడవలను చూసేవారికి మొదట కనిపించేది వాటి పక్కభాగం. రంగు, పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య అన్నీ అక్కడే ఉంటాయి. గుర్తుపట్టడం కోసం దేనినైనా పక్క నుంచి చూడడం మనిషికి అనాదిగా ఉన్న అలవాటు. నాణెం మీద రాజు ముఖాన్ని చెక్కిన శిల్పి చేసినదీ ఇదే. ఇరవయ్యో శతాబ్దంలో ఆ అలవాటు విమానాన్ని చేరి ఒక ప్రత్యేక చిత్రకళగా రూపొందింది.

విమాన పార్శ్వచిత్రంలో సాధారణంగా ఆకాశం ఉండదు, నేల ఉండదు. తెల్లని కాగితం మీద విమానం ఒక్కటే, తరచుగా ముక్కు ఎడమవైపుకు ఉండేలా, నిశ్చలంగా నిలుస్తుంది. 1960 దశకంలో బ్రిటన్‌లో వెలువడిన ‘ప్రొఫైల్’ పుస్తకాల పరంపర ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. చిత్రకారుడు కొలతల పటాలను, ఫొటోలను ముందుంచుకొని రేకుల అతుకులను, రివెట్ల వరుసలను, ఇంజను వెనుక పేరుకున్న మసిని, ఎండకు వెలిసిన రంగును, తోక మీది సంఖ్యను ఒక్కొక్కటిగా దింపుతాడు. నేడు కుంచె స్థానంలోకి కంప్యూటరు వచ్చినా, కావలసిన శ్రద్ధ మాత్రం తగ్గలేదు.

ఇక్కడే ఒక ధర్మసందేహం కలుగుతుంది. ప్రాణాలు తీయడానికి నిర్మించిన యంత్రాన్ని ఇంత మమకారంతో చిత్రించడం ఉచితమేనా? కత్తిపిడికి నగిషీ చెక్కిన పనివాడు యుద్ధానికి బాధ్యుడు కాడు కదా అని కొందరనవచ్చు. ఇది చరిత్రకు ఆధారం, అంతకుమించి కాదు అని మరికొందరనవచ్చు. రెండు సమాధానాలలోనూ కొంత నిజముంది. కాని రెండూ ప్రశ్నను దాటవేస్తున్నాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి ఎగిరిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. నేడు పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం, ఆనాడు ఫ్రెంచివారి అధీనంలో, కాకినాడకు చేరువలోనే ఉంది. ఆ రోజు నేల మీద నిలిచి తలెత్తి చూసినవారికి కనిపించినది విమానం పొట్టభాగం. పైనున్న సైనికునికి కనిపించినది రేవు కాదు, లక్ష్యం. పక్క నుంచి తీరికగా చూసే అవకాశం ఇద్దరిలో ఎవరికీ లేదు. పార్శ్వచిత్రం మనకిచ్చేది అపాయమూ లేని, బాధ్యతా లేని మూడో మనిషి చూపు. దాని ప్రశాంతత అక్కడి నుంచే వస్తుంది. ఈ కళపై చేయదగిన అసలైన ఆక్షేపణ ఇదే: అది అబద్ధం చెప్పదు, కాని అడగవలసిన ప్రశ్న మనకు తోచనివ్వదు.

అయితే ఈ దోషానికి విరుగుడు కూడా ఆ కళలోనే ఉంది. యుద్ధవిమానానికి రంగు వేసేది సాధారణంగా అది కంటబడకుండా ఉండడానికి. ప్రయాణికుల విమానానికి వేసేది కంటబడడానికి. ఆ రంగును ఉన్నదున్నట్లు చూపడం అలంకారం కాదు. జపాన్‌తో పోరు సాగుతుండగా, 1942 తరువాత, తూర్పు రణరంగంలోని బ్రిటిష్, భారత విమానాల గుర్తుల నుంచి ఎరుపును తొలగించారు. జపాన్ ఎర్రని వృత్తంతో పొరబడి సొంతవారే కాల్చకూడదని ఆ జాగ్రత్త. చేయెత్తు వృత్తంలోని రంగు మీద ప్రాణాలు ఆధారపడిన రోజులవి.

ప్రయాణికుల విమానం సంగతి చూద్దాం. ఎయిరిండియా బోయింగ్ 747ల కిటికీల చుట్టూ రాజమందిరపు గవాక్షాల వంటి తోరణాలు చిత్రించి ఉండేవి. చిత్రకారునికి అంతకంటె ఇష్టమైన వస్తువు దొరకదు. కాని అదే వరుస కింద వీటీ-ఈఎఫ్‌ఓ అనే అక్షరాలు వేస్తే ఆ విమానం ‘కనిష్క’ అవుతుంది. 1985 జూన్ 23న ఐర్లండ్ సమీపాన, సముద్రంపైన బాంబు పేలి అది కూలిపోయింది. 329 మంది మరణించారు. ప్రతి తోరణం వెనుకా ఒక మనిషి కూర్చొని ఉండిన సంగతి ఆ అక్షరాలతో గుర్తుకు వస్తుంది.

కాబట్టి ఏదో ఒక విమానాన్ని అందంగా వేయడం వేరు. ఫలానా సంఖ్య గల విమానాన్ని, ఫలానా రోజున ఉన్నట్లు వేయడం వేరు. మొదటిది ఆయుధాన్ని ఆభరణంగా మారుస్తుంది. రెండవది దానికి ఒక చరిత్రను, ఆ చరిత్రకు మనుషులను తిరిగి ఇస్తుంది. కచ్చితత్వం ఇక్కడ నైపుణ్యం మాత్రమే కాదు, నీతి కూడా.

ఈ బాధ్యత చిత్రకారునితోనే ముగియదు. 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో పనిచేసిన ఎనిమిది టీయూ-142 నిఘా విమానాలలో ఒకటి 2017 డిసెంబరు నుంచి విశాఖ సముద్రతీరంలో ప్రదర్శనశాలగా ఉంది. ఒకనాడు బాంబులు పడిన ఊరిలోనే ఇప్పుడు పిల్లలు ఆ విమానం పక్కన నడుస్తూ, దాని పొడవును చూసి అబ్బురపడుతున్నారు. అది సహజం. ఇటువంటి యంత్రాన్ని, లేదా దాని చిత్రాన్ని ప్రజల ముందుంచే సంస్థలు రెక్కల వెడల్పుతో పాటు అది ఎవరిని మోసిందో, ఏ పనికి వెళ్ళిందో కూడా అంతే కచ్చితంగా రాయాలి.

వైతికుప్పం పడవ మీద ఉన్న సంఖ్య అందానికి వేసినది కాదు. వేటకు వెళ్ళిన పడవ ఏదో, ఇంకా తిరిగి రానిది ఏదో తెలియడానికి వేసినది. విమానం తోక మీది అంకెలను దిద్దే చేయి ఆ సంగతి మరువకపోతే చాలు.