తెర మీది అంకె, మనం రాసే అంకె

తెర మీద కనిపించిన అంకెను దిద్దకుండా ఉన్నదున్నట్టు రాస్తే అది అబద్ధం ఎట్లా అవుతుంది? కాదనే చాలామంది అంటారు. కావచ్చని నేనంటాను.

మా సైన్స్ క్లబ్బులో క్లినోస్టాట్ చేస్తున్నాం. మొలకెత్తిన అలసందలను అడ్డంగా ఉన్న ఇరుసుకు కట్టి, నిమిషానికి రెండు చుట్లు చొప్పున మెల్లగా తిప్పే సాధనం అది. అట్లా తిరుగుతూనే ఉంటే వేరుకు కింద ఏదో పైన ఏదో తెలియదు. ఇరుసుకు చిన్న అయస్కాంతం, పక్కన హాల్ సెన్సర్, దాని వైర్లు ఆర్డ్యునో ఊనో బోర్డుకు. అయస్కాంతం ఎదురుకు వచ్చినప్పుడల్లా ఒక పల్స్.

ఫ్యానుకైతే సెకనుకు ఎన్ని పల్సులో లెక్కపెడితే చాలు. మా ఇరుసు ఒక చుట్టుకు 30 సెకన్లు తీసుకుంటుంది. ఒక్క సెకను చూసి లెక్కేస్తే సున్నా వస్తుంది. పల్స్ సరిగ్గా ఆ సెకనులోనే పడిందా, నిమిషానికి 60 చుట్లు అని వస్తుంది! కాబట్టి ఎన్నిసార్లు అని కాదు, ఒక పల్సుకూ ఇంకో పల్సుకూ మధ్య ఎంతసేపు అని అడగాలి. గంట పరీక్షలో రాయలేని పిల్లవాడికి ఏమీ రాదనేవాళ్లు కూడా ఆ సున్నాను కొంచెం చూడాలి.

ఆ మధ్య కాలాన్ని బోర్డు 4 మైక్రోసెకన్ల మెట్లతో కొలుస్తుంది. అందుకే 1.99874 అని గొప్పగా చూపిస్తుంది. చార్టులో అదే రాద్దామన్నారు మావాళ్లు, చూడటానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారని. నాకు మనసొప్పలేదు. ఊనోలో కాలం లెక్క నడిపేది సెరామిక్ రెజొనేటర్. అది నూటికి అర వంతు దాకా తేడా పడవచ్చు. అంటే రెండు చుట్లలో 0.01. గీతలు ఎంత సన్నగా ఉన్నా, స్కేలే సాగిపోయి ఉంటే ఏం లాభం? చివరి మూడు అంకెలు మాకు తెలిసినవి కావు, వచ్చినవి మాత్రమే.

"మనం కల్పించలేదు కదా, మిషను చెప్పిందే కదా" అని ఒక స్నేహితుడు వాదించినాడు. మిషను ఎవరికీ మాట ఇవ్వలేదు. అంకె రాసేవాడు మాత్రం ఇంతవరకు నాకు తెలుసు అని మాట ఇస్తున్నాడు. చదివేవాళ్లు రెజొనేటర్ సంగతి ఎరగరు, మనల్ని నమ్ముతారు. మార్కుల్లో 91.42కీ 91.38కీ ఉన్న తేడా పట్టుకొని పిల్లల్ని తిట్టే అమ్మానాన్నలు కూడా ఇట్లాగే నమ్ముతున్నారు. అదే పేపరు ఇంకో టీచరు దిద్దితే ఆ తేడా తిరగబడవచ్చు.

అట్లాగని భయపడి "సుమారు రెండు" అని రాసేస్తే అదీ సరికాదు. తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం బద్ధకం. సెల్‌ఫోన్ గడియారం నెట్‌వర్కుతో సరిచూసుకుంటుంది. దాన్ని పక్కన పెట్టుకొని గంటసేపు కూర్చున్నాం. బోర్డు 3600 సెకన్లు అన్నప్పుడు ఫోనులో 3607 అయినాయి. ఆ లెక్కన దిద్దితే 1.995 వచ్చింది. బటన్ నొక్కడంలో మా చెయ్యి ఒక సెకను అటూఇటూ అయినా తేడా 0.001 లోపలే.

చార్టులో 1.995 అని, చివరి అంకె ఒకటి ఎక్కువో తక్కువో కావచ్చని రాసినాం. ఎండకు రెజొనేటర్ మళ్లీ కొంచెం మారుతుంది. ప్రదర్శన రోజు పొద్దున ఇంకో గంట కూర్చోవాలి.