పెళ్లి మండపంలో పువ్వు ఎవరి కోసం?

డెకరేటర్ ట్యాబ్ తీసి ఫొటోలు చూపించడం మొదలుపెడతాడు. పెళ్లికూతురు పేస్టల్ రంగులు కావాలంటుంది. అమ్మ "బంతిపూలు లేకుండా పెళ్లేంటే?" అంటుంది. నాన్న మెల్లగా "మొత్తం ఎంతవుతుందండీ?" అని అడుగుతాడు. ఈ మూడు మాటలూ ప్రతి ఇంట్లో వినిపించేవే. మూడింటిలోనూ న్యాయం ఉంది. కానీ వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అసలు ఆ పువ్వు అక్కడ ఎవరి కోసం ఉంది?

ఇదేదో పెద్ద వేదాంతం అనుకోకండి. దీనికి జవాబు దొరికితే ఏ పువ్వు, ఎంత, ఎక్కడ అనేవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

మండపంలో పువ్వు, స్టేజీ మీద పువ్వు

మన పెళ్లిలో వరుణ్ణి విష్ణుమూర్తిగా, వధువుని లక్ష్మీదేవిగా భావించి కన్యాదానం చేస్తారు. అమ్మాయి తండ్రి అల్లుడి కాళ్లు కడిగేది అందుకే. అంటే ఆ కాసేపు మండపమే గుడి. గుడిలో పువ్వుని అందం కోసమే పెట్టరు, పదహారు ఉపచారాల్లో పుష్పం కూడా ఒకటి. మామిడి తోరణం, అరటి బోదెలు, మెడలో దండలు, జడలో మల్లెలు, ఇవన్నీ ఆ పూజలో భాగమే. ఫొటోగ్రాఫర్ రాకపోయినా వీటి పని వీటికి ఉంటుంది.

రిసెప్షన్ సంగతి వేరు. అక్కడ మంత్రం లేదు, అతిథి ఉన్నాడు. వచ్చినవాళ్ల కళ్లకి హాయిగా ఉండేలా స్టేజీ అలంకరించడం కూడా ధర్మమే. దాన్ని ఆడంబరం అని తీసిపారేయక్కర్లేదు. కాబట్టి అక్కడ ఆర్కిడ్స్ పెట్టారా, గులాబీలు పెట్టారా అన్నది శాస్త్రం అడిగే ప్రశ్న కాదు, మీ అభిరుచి.

అయితే చాలాసార్లు రెండు చోట్లా పువ్వు మూడో పని చేస్తోంది. దేవుడి కోసం కాదు, అతిథి కోసమూ కాదు. "మేం ఎంత ఖర్చుపెట్టామో చూడండి" అని చెప్పడం కోసం. అసలు చిక్కంతా ఇక్కడే.

రెండు కథలు చెప్పేది ఒక్కటే

శివపురాణంలో మొగలిపువ్వు కథ మీరు వినే ఉంటారు. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని వాదించుకుంటుంటే శివుడు మొదలూ చివరా లేని జ్యోతిస్తంభంగా వెలిశాడు. విష్ణువు అడుగు వెతకడానికి వెళ్లి, కనబడలేదని ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం పైభాగం చూశానని చెప్పి, మొగలిపువ్వుని సాక్ష్యం తెచ్చాడు. ఆ పువ్వు అవునని అబద్ధం చెప్పింది. అందుకే శివపూజలోకి దానికి ప్రవేశం లేకుండా పోయింది. మొగలిపువ్వుకి వాసన లేదా? అందం లేదా? రెండూ ఉన్నాయి. ఆడవాళ్ల జడల్లోకి మొగలిరేకు హాయిగా వచ్చింది. శివుడి దగ్గరికి మాత్రం రాలేకపోయింది. ఆయన చూసింది వాసననీ రంగునీ కాదు, సాక్ష్యాన్ని.

రెండోది గోదాదేవి కథ. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు స్వామి కోసం కట్టిన దండని, కూతురు గోద ముందు తను వేసుకుని చూసుకుని తర్వాత బుట్టలో పెట్టేసేది. మామూలు లెక్కలో అది అపచారం. ఒకసారి వాడిన పువ్వు దేవుడికి పనికిరాదు. తండ్రి కనిపెట్టి, ఆమెని కోప్పడి, ఆ దండ పక్కన పెట్టేశాడు. స్వామి మాత్రం నాకు ఆమె వేసుకున్న దండే కావాలన్నాడు. చివరికి శ్రీరంగనాథుడే ఆమెని పెళ్లాడాడు. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద ఈ కథే. ఆ పేరుకి అర్థం కూడా దండని తను ధరించి ఇచ్చినది అని.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చక్కని పువ్వు అబద్ధం చెప్పినందుకు బయటే ఉండిపోయింది. నియమం తప్పిన దండ నిజమైన ప్రేమ ఉన్నందుకు లోపలికి వెళ్లింది. పువ్వుని తూచాల్సింది రేటుతోనూ కాదు, రంగుతోనూ కాదు. అది నిజం చెబుతోందా లేదా అన్నదానితో.

పువ్వు అబద్ధం చెప్పడమంటే?

మన దగ్గర చాలా పెళ్లిళ్లలో డెకరేషన్ బిల్లు ఆడపెళ్లివారిదే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిదో పెళ్లి చూసి అలాంటి పూలగోడ కావాలంటే, ఆ గోడ వెనకాల ఒక పర్సనల్ లోన్ ఉండొచ్చు. స్టేజీ మీది పూలు "ఈ ఇంట్లో అంతా సమృద్ధిగా ఉంది" అంటాయి. ఇంట్లో నాన్న నెలనెలా ఈఎంఐ కడుతుంటాడు. అది అబద్ధపు సాక్ష్యం కాక మరేంటి? ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు. లేనిది ఉన్నట్టు పువ్వుతో చెప్పించడమే తప్పు. అబ్బాయి వైపువాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. "మా స్థాయికి తగ్గట్టు డెకరేషన్ ఉండాలి" అనే మాట కూడా అవతలివాళ్ల మీద పడే బరువే.

మరి ప్లాస్టిక్ పూలు? ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. డెకరేటర్ ఒక గుడ్డపూల సెట్టుని ఎన్నో పెళ్లిళ్లకి వాడతాడు. థాయ్‌లాండ్ నుంచి విమానంలో వచ్చిన ఆర్కిడ్ నాలుగు గంటల తర్వాత చెత్తకుప్పలో ఉంటుంది. ఏది వృథా అంటే జవాబు అంత తేలిక కాదు. పైగా చాలా స్టేజీల మీద నిజం పూలని గుచ్చే ఆ పచ్చటి ఫోమ్ కూడా ఒకరకం ప్లాస్టిక్కే. పొడిపొడిగా రాలిపోతుంది గానీ మట్టిలో కలిసిపోదు. అందుకని ఒక మధ్యమార్గం చెబుతాను. మంత్రం చదివే చోట, వధూవరుల ఒంటి మీద, దేవుడి పటానికి నిజమైన పువ్వులే పెట్టండి, కొంచెమైనా పర్వాలేదు. పూజలో ఇచ్చేది వాడిపోయేదే అయ్యుండాలి. వాడిపోతుందని తెలిసీ ఇస్తున్నాం కాబట్టే అది సమర్పణ అవుతుంది. వెనకాల పెద్ద గోడకి, హాలు గుమ్మానికి గుడ్డపూలు పెట్టుకుంటే దోషమేమీ లేదు.

తెల్లపూలు అశుభం అని కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. మధుపర్కాలు తెలుపే కదా, మల్లెలూ తెలుపే కదా అని నవ్వుతూ గుర్తుచేయండి.

నాలుగు గంటల తర్వాత

కరుణశ్రీ రాసిన పుష్పవిలాపం ఘంటసాల గొంతులో వినని తెలుగు ఇల్లు అరుదు. పూజ కోసం పూలు కోయడానికి వెళ్లినవాణ్ణి పూలే నిలదీస్తాయి. అది విన్నాక పువ్వు కోయడమే మానేయాలా? మన సంప్రదాయం అలా చెప్పలేదు. మొగ్గలు తుంచొద్దు, చీకటి పడ్డాక కోయొద్దు, అవసరమైనంతే కోయండి అని హద్దులు పెట్టింది. ఒక ప్రాణాన్ని తీసుకుంటున్నామన్న స్పృహ ఉండాలని.

వాడిన తర్వాత కూడా ఆ స్పృహ ఉండాలి. తిరుమలలో పూలన్నీ స్వామివే అని ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. స్వామికి వాడిన పూలని ఎవరి కాళ్ల కిందా పడనివ్వరు. 2021 నుంచి దేవస్థానం వాడిన పూలతో అగరబత్తులు చేయిస్తోంది. తెలంగాణలో బతుకమ్మని చూడండి. తంగేడు, గునుగు, ఏ చేలగట్టునో పూసే పూలు. వాటినే అమ్మవారిగా పేర్చి, ఆడి పాడి, నీళ్లలో సాగనంపుతారు. పువ్వుకి వీడ్కోలు కూడా ఒక మర్యాద ప్రకారమే జరుగుతుంది. మన ఫంక్షన్ హాల్లో మాత్రం ఆఖరి అతిథి వెళ్లకముందే కుర్రాళ్లు దండలు లాగి ప్లాస్టిక్ కవర్లతో కలిపి తొక్కేస్తుంటారు. వాళ్లని అని లాభం లేదు. వాళ్లకి ఎవరూ వేరేగా చెప్పలేదు.

మీరు చేయగలిగేది

డెకరేటర్‌తో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు అడగండి. ఈ నెలలో మన దగ్గర పూసే పూలేవి? వేసవి ముహూర్తమైతే మల్లెలు, చలికాలమైతే చామంతి, బంతి. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కి, గోదావరి వైపైతే కడియపులంకకి ఒక తెల్లవారుజామున వెళ్లి చూస్తే మీకే తెలిసిపోతుంది. రెండు, ఫోమ్ లేకుండా దండలుగా, మాలలుగా కట్టగలరా? మూడు, పెళ్లయ్యాక పూలని విడిగా తీసి ఎరువుకో, గోశాలకో పంపగలరా? గోశాలకైతే రంగు వేసినవి, మందు చల్లినవి పంపకండి.

"పూలు తగ్గిస్తే రైతు నష్టపోడా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. నేను పూలు మానేయమనట్లేదు, మన రైతు పూలు కొనమంటున్నాను. విమానంలో వచ్చిన పువ్వుకి పెట్టే డబ్బుతో మన ఊరి చామంతులు ఎన్ని మూరలు వస్తాయో లెక్క వేసుకోండి.

ఇక "జీవితంలో ఒక్కసారే కదా పెళ్లి" అనే మాట. నిజమే. ఒక్కసారే కాబట్టే ఆ రోజు మనింటి గురించి సాక్ష్యం చెప్పే పువ్వు నిజం చెప్పాలి. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు భక్తితో ఇస్తే ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్లైనా తీసుకుంటానన్నాడు. ఎన్ని అని అడగలేదు.

కాబట్టి ట్యాబ్‌లో ఫొటో ఎంచుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క పది నిమిషాలు మాట్లాడుకోండి. నాన్న అడిగిన ఆ "ఎంతవుతుందండీ" అనే ప్రశ్నకి ముందు జవాబు చెప్పండి. తర్వాత అమ్మ బంతిపూలు, మీ పేస్టల్ రంగులు, రెండూ సర్దుకుంటాయి.

శుభమస్తు.