అంకెకు ముఖం

గత మాసం ఢిల్లీలో పగలు కార్యాలయపు దస్త్రాలు, రాత్రి ‘కన్యాశుల్కం’, వీరేశలింగం స్వీయచరిత్ర చదివాను. నాటకపు తొలి ముద్రణకు 1897లో వ్రాసిన పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1,034, వాటిలో ముగ్గురు వధువుల వయస్సు ఒక్క ఏడాది. అదే లెక్క దస్త్రంలో వచ్చి ఉంటే సంతకం చేసి పంపి ఉండేవాణ్ణి. నాటకంలోనో, చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వబోతున్నారని తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. అంకె లేకపోతే ఆమె దుఃఖాన్ని కల్పన అని తోసివేయగలం. ఆమె లేకపోతే అంకెను మరచిపోగలం. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం జీవితం మరొక ప్రశ్న వేస్తుంది: తెలిసిన తరువాత నీవేమి చేశావు? మర్నాడు దస్త్రంలోని ఒక అంకె దగ్గర నా కలం కొంతసేపు ఆగింది.