పేదరికం మాటపట్టు: పునీత క్లారమ్మ పోపుగారితోనే వద్దన్న సంగతి



మన విచారణల్లో ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. పెద్దలు లోలోపల అనుకుంటారు, పిల్లలు పైకే అడిగేస్తారు. "సిస్టర్లు పేదరికం మాటపట్టు తీసుకున్నారంటారు. మరి కాన్వెంటులో ఫ్రిజ్ ఉంది, బయట జీపు ఉంది. మా ఇంట్లో అవి లేవు. ఇంతకీ పేదవాళ్ళెవరు ఫాదర్?"

నవ్వి దాటేసే ప్రశ్న కాదిది. జవాబు కోసం పునీత క్లారమ్మ దగ్గరికి వెళ్దాం.

ఆమె ఇటలీలోని అస్సీసి పట్టణంలో గొప్పింటి ఆడపడుచు. సుమారు 1212లో, మట్టల ఆదివారం రాత్రి ఇల్లు విడిచి పునీత ఫ్రాన్సిస్ వారి దగ్గరికి వచ్చేసింది. తన వాటా ఆస్తి అమ్మి పేదలకు పంచింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు సాన్ దమియానో అనే చిన్న మఠంలోనే గడిపింది. (మన వీడియో ఛానళ్ళ వాళ్ళం గుర్తుంచుకోవాలి: పన్నెండవ పయస్ పోపుగారు టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించింది ఈమెనే!)

ఆ రోజుల్లో మఠాలు చాలావరకు పొలాలూ, వాటి రాబడీ ఆధారంగా నడిచేవి. గడప దాటని ఆడవాళ్ళు, భూమి లేదు, కరువొస్తే ఏం తింటారు? పెద్దల భయం న్యాయమైనదే. తొమ్మిదవ గ్రెగోరీ పోపుగారు స్వయంగా ఆమెకు ఆస్తి ఇస్తానన్నారు. మాటపట్టు అడ్డమనుకుంటే దాని నుంచి నిన్ను విడిపిస్తానని కూడా అన్నారు. క్లారమ్మ ఏమన్నదో తెలుసా? నా పాపాల నుంచి విడిపించండి తండ్రీ, క్రీస్తును వెంబడించడం నుంచి మాత్రం వద్దు అన్నది.

చివరికి 1228లో ఆయనే ఒక పత్రం ఇచ్చారు, ఆస్తి తీసుకోమని వీళ్ళను ఎవరూ బలవంతం చేయకూడదని. మనం ఆస్తి కోసం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుతాం. ఈమె ఆస్తి లేకుండా ఉండే హక్కు కోసం పత్రం రాయించుకుంది!

అలాగని ఆమె ఆకలిని, చలిని ప్రేమించమని చెప్పలేదు. ఆమె రాసిన నియమావళి చూడండి. జబ్బుపడిన సిస్టర్లకు ఈకల దిండు ఇవ్వవచ్చు, అవసరమైన వాళ్ళకు ఉన్ని మేజోళ్ళు ఇవ్వవచ్చు అని ఉంటుంది. వస్తువు ఉండటం తప్పు కాదు. "ఇది నాది" అనడమే ఉండకూడదు.

ఇప్పటికీ అంతే. సిస్టరుగారు టీచరుగానో నర్సుగానో పనిచేస్తే ఆ జీతం ఆమెది కాదు, సభది. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం నిత్య మాటపట్టుకు ముందు వీలునామా కూడా రాసేయాలి. చెప్పు తెగితే అడగాలి. పీజీ చదివి, నలభై దాటిన మనిషి, అమ్మకు బాగోలేదంటే బస్సు చార్జీకి పెద్ద సిస్టరుగారి ముందు నిలబడాలి. అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు కదా. ఆ అడగడంలోనే ఉంది మాటపట్టు అంతా.

కాబట్టి ఆ ఫ్రిజ్ ఏ సిస్టరుదీ కాదు. కానీ మండుటెండలో గేటు దగ్గర నిలబడ్డవాడికి అందులోని చల్లటి నీళ్ళు అందకపోతే, పిల్లవాడు అడిగినదాంట్లో న్యాయం ఉన్నట్టే. నేను ఎవరికీ పాఠం చెప్పడం లేదు. నాలాంటి మేత్రాసన గురువులు అసలీ మాటపట్టే తీసుకోరు, నా జీతం నా చేతిలోనే ఉంటుంది.

ఇంకో మాట. కూలి దొరక్క పస్తున్న తల్లి ఏ మాటపట్టూ తీసుకోలేదు. ఆమె ఆకలిని దేవుని వరమని ఎవరైనా బోధిస్తే నమ్మకండి. క్లారమ్మ వదులుకున్నది తన సొంతం. పక్కవాడి కంచంలోది కాదు.

1253 ఆగస్టు 9న ఆమె నియమావళికి నాలుగవ ఇన్నోసెంటు పోపుగారు ఆమోదం తెలిపారు. రెండు రోజులకే, 11న, ఆమె కన్నుమూసింది. ఆ ఆమోద పత్రం 1893లో అస్సీసిలోని మఠంలో, ఆమె వస్త్రం మడతల్లో దొరికింది.

ఈ రాత్రి మీ విచారణలోని సిస్టర్లను తలచుకుని ఒక పరలోక జపం చెప్పండి. ఏ రోజు అన్నం ఆ రోజు అడగమని ప్రభువు మనందరికీ నేర్పిన జపమే కదా అది. ఆమెన్.